ఓసాకాలో చదివే ఎక్స్ఛేంజ్ విద్యార్థికి ఒక వారాంతం: క్యోటో, నారా, తిండి సంగతులు

ఎక్స్ఛేంజ్ సెమిస్టర్‌కి ఓసాకా వచ్చిన మన పిల్లలు మొదటి నెలలో దాదాపు అందరూ ఒకటే పని చేస్తారు. శనివారం రాగానే క్యోటోలో ఉన్న గుళ్లన్నీ ఒక్క రోజులో చూసేయాలని బయల్దేరతారు. నేనూ అలాగే వెళ్లాను. పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టి ఆరు చోట్లకు తిరిగాను. సగం రోజు బస్సుల కోసం క్యూలో నిలబడటానికే సరిపోయింది. రాత్రి గదికి వచ్చి ఫొటోలు చూసుకుంటే ఏది ఏ గుడో గుర్తుకు రాలేదు.

మనం టూరిస్టులం కాదు. టూరిస్టుకి ఉండేది మూడు రోజులు, మనకి ఉండేవి ఇరవై శనివారాలు. బంగారు మంటపం ఈ వారం చూడకపోతే వచ్చే వారం చూడొచ్చు. కాబట్టి ఈ ప్లాన్‌లో చోట్లు తక్కువ, ఒక్కో చోట ఉండే సమయం ఎక్కువ. శుక్రవారం సాయంత్రం ఓసాకాలోనే, శనివారం క్యోటో, ఆదివారం నారా. రాత్రి పడుకోవడానికి మీ హాస్టల్‌కే తిరిగి వస్తారు. శనివారాల్లో క్యోటోలో గదుల ధరలు బాగా పెరుగుతాయి. అర్ధగంట, ముప్పావుగంట దూరానికి ఆ డబ్బు పెట్టడం అనవసరం.

బుధవారమే చేసుకోవాల్సినవి

రైళ్లకి వాడే ఐకోకా కార్డు ఇంకా తీసుకోకపోతే జేఆర్ (జపాన్ రైల్వే) స్టేషన్ మెషిన్‌లో తీసుకోండి. 2,000 యెన్లు కడితే అందులో 500 డిపాజిట్, మిగిలిన 1,500 ప్రయాణాలకి. జేఆర్, హాంక్యూ, కేయ్‌హాన్, కింతెత్సు, మెట్రో, ఇలా ఈ ప్లాన్‌లో వచ్చే ప్రతి రైలుకీ అదే చాలు. వారాంతానికి ఇంకో 3,000 వేసుకుంటే మధ్యలో మెషిన్ వెతుక్కునే పని ఉండదు.

చేతిలో నగదు కూడా ఉండాలి. గుళ్ల టికెట్లు, వీధి తిండి చాలాచోట్ల నోట్లు, నాణేల మీదే నడుస్తాయి. 5 యెన్ల నాణేలు కొన్ని విడిగా దాచుకోండి. మధ్యలో చిల్లు, ఒక పక్క వరి కంకి బొమ్మ ఉంటాయి. ఐదు యెన్లను జపనీస్‌లో 'గో-ఎన్' అంటారు. అదే పలుకుబడికి 'అనుబంధం' అనే అర్థం కూడా ఉంది కాబట్టి హుండీలో అదే వేస్తారు.

బ్యాగులో రెసిడెన్స్ కార్డు తప్పనిసరి, అది ఎప్పుడూ వెంట ఉండాలన్నది చట్టం. ఒక ఖాళీ ప్లాస్టిక్ సంచి కూడా పెట్టుకోండి. వీధుల్లో చెత్తబుట్టలు దాదాపు కనబడవు, మీ చెత్త మీరే ఇంటికి మోసుకురావాలి. గుళ్లలో చాలాసార్లు చెప్పులు విప్పాలి కాబట్టి లేసులు లేని బూట్లు, మంచి సాక్సులు వేసుకోండి.

తిండి మాట ముందే తేల్చుకోండి

దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే మనవాళ్ల వారాంతాలు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే.

మొదటి నెలలో ఒక రైల్వే స్టేషన్ హోటల్లో నేను, శాకాహారి అయిన నా స్నేహితురాలు ఉదోన్ తీసుకున్నాం. లావుపాటి గోధుమ నూడుల్స్, పైన వేయించిన తోఫు ముక్క, ఉల్లికాడలు. కంటికి మాంసం ఎక్కడా లేదు. ఆమె సగం తిన్నాక పక్కన కూర్చున్న క్లాస్‌మేట్ చెప్పింది, ఆ పులుసు చేపదని. ఆమె చెంచా కింద పెట్టేసి ఆ రోజంతా ఇంకేమీ తినలేదు. హోటల్ వాళ్ల తప్పేమీ లేదు. మేం అడగలేదు, అంతే.

ఆ పులుసు పేరు దాషి. కత్సువోబుషి అనే ఎండబెట్టి పొగపట్టించిన చేప తురుము, కొంబు అనే సముద్రపు నాచు కలిపి కాచే నీళ్లు. మనకి పోపు ఎలాగో వాళ్ల వంటకి దాషి అలాగ. సూప్‌లో, కూరల్లో, పిండి కలిపేటప్పుడు, ముంచుకునే సాస్‌లో, అన్నిట్లో ఉంటుంది. 'మాంసం లేదు కదా' అని అడిగితే లేదనే చెప్తారు, అది నిజమే కూడా. అడగాల్సింది దాషి గురించి:

'సుమిమాసెన్, కోరె వ సకనా నో దాషి గ హైత్తె ఇమాసు కా?' అంటే, ఏమండీ, ఇందులో చేప దాషి ఉందా అని. 'హై' అంటే ఉన్నట్టు.

'కత్సువోబుషి నషి దె ఒనెగాయ్‌షిమాసు.' అంటే, చేప తురుము లేకుండా ఇవ్వండి అని.

గొడ్డు మాంసం గ్యూనికు, పంది మాంసం బుతానికు, కోడి తోరినికు. ఈ మాటలన్నీ జపనీస్ లిపిలో కూడా ఫోన్‌లో రాసిపెట్టుకుంటే చూపించి అడగొచ్చు. కూరగాయల కర్రీ అని రాసి ఉన్నా గ్రేవీలో చాలాసార్లు గొడ్డు లేదా పంది కొవ్వు ఉంటుంది. గొడ్డు మాంసం ముట్టనివాళ్లు దీన్ని బాగా గుర్తుపెట్టుకోవాలి.

కన్వీనియెన్స్ స్టోర్‌లో ఒనిగిరి దొరుకుతుంది, నాచులో చుట్టిన అన్నం ముద్ద. శాకాహారులు 'ఉమె' అని రాసి ఉన్నది చూడండి, లోపల పుల్లటి ఉప్పటి ఊరగాయ పండు ఉంటుంది. మన ఉసిరికాయ పచ్చడికి చుట్టంలా అనిపిస్తుంది. దాషి సారం ఏమాత్రం పనికిరాదనుకునేవాళ్లు ఫోన్ కెమెరాతో లేబుల్ అనువాదం చేసుకుని కొనండి. ఉప్పు మాత్రమే వేసిన ఒనిగిరి ఉంటే ఇంకా మంచిది. నేనైతే చిన్న డబ్బాలో కందిపొడి పట్టుకెళ్తాను. ఉప్పు ఒనిగిరిని విప్పి కందిపొడి అద్దుకుని తింటే ఏ ఊళ్లో ఉన్నామో ఒక్క క్షణం మరిచిపోతాం.

హాస్టల్లో పులిహోర కలిపి పట్టుకెళ్లాలనుకుంటే ఒక మాట. జపాన్ బియ్యం పొట్టిగా, జిగురుగా ఉంటుంది, పులిహోర ముద్దయిపోతుంది. అదే బియ్యంతో పెరుగన్నం మాత్రం చాలా బాగుంటుంది. ఎండాకాలం తప్ప మిగతా రోజుల్లో మధ్యాహ్నం దాకా పాడవదు.

శుక్రవారం సాయంత్రం: డోటోన్‌బోరి

క్లాసులు అయ్యాక మెట్రోలో నంబాలో దిగి కాలువ దగ్గరికి నడవండి. ఈ కాలువ తవ్వకం 1612లో మొదలై 1615లో పూర్తయింది. రెండు చేతులూ పైకెత్తి పరుగెత్తే మనిషి బొమ్మ ఉన్న గ్లికో మిఠాయి కంపెనీ బోర్డు ఈ గట్టు మీదే, 1935 నుంచి మారుతూ వస్తోంది. ఓసాకా వాళ్ల తిండి యావకి 'కుయిదావొరె' అని ఒక మాట ఉంది. తిని తిని ఆస్తి కరగదీసుకోవడం అని దాని భావం.

ఇక్కడ తకోయాకి బండి ముందు పది నిమిషాలు ఊరికే నిలబడండి. పెనం చూడగానే మీకు నవ్వొస్తుంది, అది అచ్చం మన గుంత పొంగణాల పెనమే. గుంటల్లో పల్చటి పిండి పొంగిపోయేలా పోస్తారు. ఒక్కో గుంటలో ఆక్టోపస్ ముక్క, ఉల్లికాడ, ఎర్ర అల్లం పడేస్తారు. అంచులు గట్టిపడగానే రెండు చేతుల్లో రెండు సూదులతో పిండిని కోసి, పక్కలకి చేరిన పిండిని లోపలికి తోస్తూ తిప్పేస్తారు. మన ఇళ్లలో స్పూన్‌తో ఒక్కొక్కటీ బోర్లించేలోపు వాళ్లు ఒక వరస మొత్తం గుండ్రంగా చేసేస్తారు. పైన సాస్, మయొనేజ్, ఆపైన చేప తురుము. వేడికి ఆ తురుము ప్రాణం ఉన్నట్టు కదులుతుంది. లోపల మరిగే పిండి ఉంటుంది, కొనగానే నోట్లో వేసుకుంటే నాలుక కాలుతుంది. పుల్లతో పొడిచి, ఆవిరి పోయాక తినండి.

శాకాహారులకి ఈ వీధిలో తకోయాకి, ఒకోనోమియాకి (క్యాబేజీ వేసి కాల్చే మందపాటి అట్టు) రెండూ కష్టమే, పిండిలోనే దాషి ఉంటుంది. అలాంటప్పుడు వరాబి మోచి చూడండి. చల్లగా, జెల్లీలా జారిపోయే ముక్కల మీద వేయించిన సోయా పిండి చల్లి ఇస్తారు.

తొమ్మిదికల్లా గదికి చేరండి. రేపు తెల్లవారుజామునే లేవాలి.

శనివారం పొద్దున: ఫుషిమి ఇనారి

ఈ గుడికి టికెట్ లేదు, తలుపులు లేవు, ఇరవై నాలుగు గంటలూ తెరిచే ఉంటుంది. తొమ్మిది దాటితే తోరీల (వరసగా నిలబెట్టిన ఎర్రటి ద్వారాల) కింద భుజాలు రాసుకుంటూ నడవాలి. ఏడు లోపు వెళ్తే ఆ దారి మీ ఒక్కరిదే. జూన్‌లో ఐదు లోపే తెల్లారిపోతుంది కానీ డిసెంబరులో ఏడవుతుంది, దాన్నిబట్టి బయల్దేరండి.

ఓసాకా స్టేషన్ నుంచి జేఆర్‌లో క్యోటో, 600 యెన్ల లోపే. షిన్‌కాయ్‌సొకు అనే వేగం రైలు అయితే అరగంట. క్యోటోలో నారా లైన్‌కి మారి రెండో స్టేషన్ ఇనారిలో దిగాలి. పేరులో 'రాపిడ్' ఉన్న రైళ్లు ఇక్కడ ఆగవు, 'ఫుత్సూ' అని రాసి ఉన్న లోకల్ ఎక్కండి. స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా పెద్ద ఎర్రటి తోరీ ఉంటుంది, దారి అడగాల్సిన పనే ఉండదు.

ఇనారి వరికి, పంటకి, వ్యాపారానికి దేవత. గుడి 711 నాటిదని చెబుతారు. ఎక్కడ చూసినా నక్కల విగ్రహాలు, ఒకదాని నోట్లో తాళంచెవి, ఇంకోదాని నోట్లో వరి కంకి. నక్కలు దేవత దూతలు. కొండ ఎత్తు 233 మీటర్లు, దారి పొడవునా దాదాపు పదివేల తోరీలు. వ్యాపారులు మొక్కు తీరాక కట్టించినవే ఎక్కువ. ఎక్కేటప్పుడు స్తంభాలు ఖాళీగా కనబడతాయి. కాసేపు ఎక్కాక ఆగి వెనక్కి తిరిగి చూడండి. ప్రతి స్తంభం మీద నిలువుగా నల్లటి అక్షరాలు, కట్టించినవాళ్ల పేరు, కట్టించిన తేదీ. మన గుళ్లలో మెట్ల మీద, బండల మీద దాతల పేర్లు చెక్కినట్టే. చాలామంది ఎక్కేటప్పుడు తీసిన ఫొటోతో సరిపెట్టుకుని ఇది చూడరు.

మొత్తం చుట్టి రావడానికి రెండు మూడు గంటలు పడుతుంది. ఓపిక లేకపోతే సగం దూరంలో యొత్సుత్సుజి అనే కూడలి దాకా వెళ్లండి, అక్కడి నుంచి క్యోటో ఊరు కనిపిస్తుంది. అక్కడే కూర్చుని ఒనిగిరి తినండి.

దిగాక గుడి ముందు వీధిలో పిచ్చుకల్ని పుల్లకి గుచ్చి కాల్చి అమ్మే కొట్టు కనిపించవచ్చు. వరి కంకులు తినేస్తాయన్న కోపంతో మొదలైన పాత ఆచారం అంటారు. మన గోదావరి జిల్లాల్లో అదే పిచ్చుకల కోసం వరి కుచ్చులు అల్లి గుళ్లలో, వసారాల్లో వేలాడదీస్తారు. రెండూ వరి పండించే నేలలే. ఆ కొట్టు ముందు నేను చాలాసేపు నిలబడ్డాను, కొనలేకపోయాను.

శనివారం తొమ్మిదిన్నర: సంజూసంగెన్‌దో

రెండు రోజుల్లో ఒక్క గుడే చూడగలిగితే ఇదే చూడమంటాను. ఫొటోల్లో ఎక్కువగా కనబడదు, లోపల ఫొటోలు తీయనివ్వరు కాబట్టి.

కేయ్‌హాన్ లైన్‌లో ఫుషిమి-ఇనారి స్టేషన్ నుంచి షిచిజో దాకా లోకల్ రైల్లో మూడు స్టేషన్లు. అక్కడి నుంచి పది నిమిషాల నడక. ఈ రోజంతా మనం క్యోటో బస్సు ఎక్కం, ఈ ఒక్క లైన్ పట్టుకునే ఊళ్లోకి వెళ్తాం.

1164లో కట్టిన మంటపం కాలిపోతే 1266లో మళ్లీ కట్టారు. పొడవు దాదాపు 120 మీటర్లు. బూట్లు విప్పి లోపలికి వెళ్తే చల్లటి చెక్క నేల, సాంబ్రాణి వాసన. ఎడమా కుడీ వరసలు వరసలుగా మనిషంత ఎత్తు బంగారు పూత కన్నన్ విగ్రహాలు వెయ్యి, మధ్యలో కూర్చున్న పెద్ద విగ్రహం ఒకటి. కన్నన్ అంటే మన అవలోకితేశ్వరుడే. ఒక్కో విగ్రహానికి నలభై చేతులు, ఒక్కో చెయ్యి ఇరవై అయిదు లోకాల్ని కాపాడుతుందని లెక్క, అలా వెయ్యి చేతులు.

వాటి ముందు నిలబడ్డ ఇరవై ఎనిమిది మంది పరివార దేవతల దగ్గర తొందరపడకండి. వేణువు ఊదుతున్న రెక్కల మనిషి పేరు కరురా, అంటే మన గరుత్మంతుడు. మూడు ముఖాల అషురా మన అసురుడు. బొన్‌తెన్ బ్రహ్మ, తాయ్‌షాకు-తెన్ ఇంద్రుడు. వరస చివర్లలో గాలి సంచి మోసే ఫూజిన్, చుట్టూ డప్పులు కట్టుకున్న రాయ్‌జిన్. అమరావతి, నాగార్జునకొండ చూసినవాళ్లకి బౌద్ధం కొత్త కాదు. కానీ మనం చిన్నప్పటి నుంచి పిలిచిన పేర్లు చైనా దాటి, సముద్రం దాటి, ఇక్కడి నోళ్లలో ఇలా మారాయని ఆ విగ్రహాల ముందు నిలబడి తెలుసుకోవడం వేరు. నాకు అక్కడ కళ్లు చెమ్మగిల్లాయి.

ఏప్రిల్ నుంచి నవంబరు మధ్య దాకా ఎనిమిదిన్నరకి, మిగతా రోజుల్లో తొమ్మిదికి తెరుస్తారు. గంటన్నర ఇవ్వండి.

మధ్యాహ్నం: నిషికి బజారు, కామో నది

షిచిజోలో మళ్లీ కేయ్‌హాన్ ఎక్కి రెండు స్టేషన్లు, గియోన్-షిజో. వంతెన దాటి పది నిమిషాలు నడిస్తే నిషికి బజారు. సన్నటి సందు, పైన కప్పు, నాలుగు వందల మీటర్ల లోపు పొడవులో వంద పైచిలుకు కొట్లు. తింటూ నడవకూడదు, కొన్న కొట్టు దగ్గరే నిలబడి తినేసి ముందుకెళ్లాలి. శాకాహారులకి ఇక్కడ సోయా పాలతో చేసిన చిన్న డోనట్లు, ఊరగాయ కొట్లు, యుబా ఉన్నాయి. యుబా అంటే సోయా పాలు కాచేటప్పుడు పైన కట్టే మీగడ. తవుడులోనూ ఉప్పులోనూ ఊరేసిన వంకాయ, ముల్లంగి, దోసకాయ పుల్లల మీద రుచి చూపిస్తుంటారు. కారం ఉండదు, కానీ ఊరగాయ మీద ప్రేమ మాత్రం మనదే.

కొన్నవి పట్టుకుని కామో నది గట్టుకి వెళ్తుంటే తల మీద చూసుకోండి. గద్దలు తిరుగుతుంటాయి, చేతిలో తిండిని వెనక నుంచి వచ్చి తన్నుకుపోతాయి. నా పక్కన కూర్చున్న అబ్బాయి శాండ్‌విచ్ పోయింది, అతని వేలు గీరుకుంది కూడా. చెట్టు కిందో వంతెన కిందో కూర్చుని, తిండిని ఒళ్లో దాచుకుని తినండి.

సాయంత్రం గియోన్ వీధుల్లో తిరగొచ్చు. ప్రైవేటు సందుల్లోకి వెళ్లొద్దని బోర్డులు ఉంటాయి, వెళ్లకండి. గెయ్‌షాలు కనిపిస్తే ఫోన్ ఎత్తి వెంటపడకండి, వాళ్లు పనికి వెళ్తుంటారు. కావరామాచి నుంచి హాంక్యూ రైల్లో ముప్పావుగంటలో ఓసాకాలోని ఉమెదా, 400 యెన్ల పైన కొద్దిగా.

ఆదివారం: నారా

నిన్న తెల్లవారుజామున లేచారు కాబట్టి ఇవాళ తొమ్మిదికి బయల్దేరినా చాలు. ఓసాకా-నంబా నుంచి కింతెత్సు రాపిడ్ ఎక్స్‌ప్రెస్‌లో నలభై నిమిషాలు, 700 యెన్ల లోపు. లిమిటెడ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే అదనంగా కట్టాలి, అవసరం లేదు. జేఆర్ స్టేషన్ కంటే కింతెత్సు-నారా పార్కుకి బాగా దగ్గర.

జింకల కోసం ప్రత్యేకంగా వెతకనక్కర్లేదు, అవే మీ దగ్గరికి వస్తాయి. వెయ్యికి పైగా ఉన్నాయి. కసుగా గుడి దేవుడు తెల్ల జింక మీద వచ్చాడని కథ, అందుకే వాటిని దైవదూతలుగా చూస్తారు. తవుడు, పిండితో చేసిన బిస్కెట్లు కట్ట 200 యెన్లకి అమ్ముతారు. వాటికి అవి తప్ప ఇంకేమీ పెట్టకండి. ప్లాస్టిక్ కవర్లు మింగి చచ్చిపోయిన జింకలున్నాయి, కాబట్టి సంచులు బ్యాగులో పెట్టి జిప్పు వేయండి. జింక తల వంచితే మీరూ తల వంచి వెంటనే బిస్కెట్ ఇవ్వండి. ఊరించి ఫొటో తీసుకోవాలని చూస్తే పొడుస్తుంది. అయిపోగానే రెండు అరచేతులూ విప్పి చూపిస్తే వెళ్లిపోతాయి.

పెద్ద బుద్ధుడి గుడి తోదాయ్‌జీకి వెళ్లే దారిలో పెద్ద చెక్క ద్వారం, రెండు పక్కలా 8 మీటర్లు దాటిన ద్వారపాలకులు. 1203లో ఉన్‌కేయ్, కాయ్‌కేయ్ అనే శిల్పుల బృందం రెండు నెలలకి కాస్త పైన చెక్కేశారు. లోపల కాంస్య బుద్ధుడు, ఎత్తు 15 మీటర్లు.

752లో ఈ విగ్రహానికి కళ్లు తెరిచే వేడుక జరిగింది. కుంచె పట్టి కనుపాపలు దిద్దింది మన దేశం నుంచి 736లో జపాన్ చేరిన బోధిసేనుడనే భిక్షువు. ఆ కుంచెకి పొడవాటి తాళ్లు కట్టి, కింద కూర్చున్నవాళ్లు వాటి కొసలు పట్టుకున్నారు, ఆ పుణ్యం తమకీ అందాలని. కుంచె ఇప్పటికీ అక్కడి ఖజానాలో ఉంది. తర్వాత మంటలకి విగ్రహం, మంటపం చాలాసార్లు దెబ్బతిన్నాయి. ఇప్పుడున్న మంటపం 1709 నాటిది. బుద్ధుడి ముఖం కిందికి వచ్చి నిలబడినప్పుడు ఆ తాళ్లని ఒకసారి ఊహించుకోండి.

మధ్యాహ్న భోజనానికి చేప తినేవాళ్లు కాకినోహా-జుషి తీసుకోండి, ఉప్పు పట్టించిన చేప, పులుపు అన్నం, పెర్సిమన్ ఆకులో చుట్టి ఉంటుంది. ఆకు తినకూడదు. తిననివాళ్లకి సాంజో వీధి దగ్గర నకతానిదో అనే కొట్టు ఉంది. ఇద్దరు మనుషులు అరుస్తూ పెద్ద రోకళ్లతో జిగురు బియ్యం దంచుతారు. ఆకుపచ్చటి మోచి లోపల తియ్యటి ఎర్ర బీన్స్ ముద్ద, పైన వేయించిన సోయా పిండి. చేతిలో పెట్టినప్పుడు ఇంకా వెచ్చగా ఉంటుంది, ఆ పిండి వాసన అమ్మ సున్నుండలకి మినుములు వేయించినప్పటి వాసనకి దగ్గర. నేను రెండు తిని, ఇంకో రెండు కొన్నాను.

సాయంత్రం తోదాయ్‌జీ వెనక మెట్లు ఎక్కి నిగత్సుదో అనే మంటపానికి వెళ్లండి. టికెట్ లేదు, మూసేయరు. చెక్క వసారాలో నిలబడితే కింద బుద్ధుడి మంటపం కప్పు, ఆపైన ఊరంతా కనిపిస్తుంది. ఇక్కడ మార్చిలో జరిగే దివిటీల వేడుక 752 నుంచి ఒక్క ఏడాదీ ఆగలేదు. పొద్దు గుంకేదాకా ఉండండి, తర్వాత చూడాల్సింది ఇంకేమీ పెట్టుకోవద్దు.

ఖర్చు చెప్పాలంటే, మూడు సాయంత్రాల తిండి, రైళ్లు, రెండు గుళ్ల టికెట్లు కలిపి నాకు 10,000 యెన్ల దాకా అయింది. పొద్దున, మధ్యాహ్నం ఒనిగిరి మీద నడిపిస్తే ఇంకా తగ్గుతుంది.

తిరిగి వచ్చేటప్పుడు కింతెత్సు రైల్లో మొదట ఎడమ కిటికీ దగ్గర కూర్చోండి. బయల్దేరిన కొద్ది నిమిషాలకే పట్టాలు ఒక పెద్ద ఖాళీ మైదానం మధ్య నుంచి వెళ్తాయి, దూరంగా ఎర్రటి ద్వారం ఒంటరిగా నిలబడి ఉంటుంది. అది 710లో రాజధాని అయిన పాత నారా కోట స్థలం, ద్వారం 1998లో మళ్లీ కట్టింది. బోధిసేనుడు వచ్చింది ఆ ఊరికే. అది దాటాక కుడివైపుకి మారండి. ఇకోమా సొరంగం బయటికి రాగానే కొండ కింద ఓసాకా దీపాలన్నీ ఒక్కసారిగా కనబడతాయి.